కంపెనీలకు తక్కువ పన్ను... పూచీ వేతనజీవిది

2024 సెప్టెంబరు 10న యూరోపియన్ యూనియన్ అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ప్రపంచ పన్నుల చరిత్రలో వింతగా మిగిలిపోతుంది. యాపిల్ సంస్థ నుంచి 1,300 కోట్ల యూరోల పాత బకాయిని వసూలు చేసుకోవాల్సిందేనని ఐర్లాండ్ ప్రభుత్వాన్ని ఆ తీర్పు ఆదేశించింది. వడ్డీతో కలిపి ఆ మొత్తం 1,400 కోట్లు దాటింది. పన్ను ఎగవేతదారుల వెంటపడి ప్రభుత్వాలు కోర్టు మెట్లెక్కడం మామూలే. ఇక్కడ మాత్రం ఆ సొమ్ము తమకు అక్కర్లేదని, కట్టాల్సిన కంపెనీ పక్షానే నిలబడి, ఒక ప్రభుత్వం ఎనిమిదేళ్లు వాదించింది. జనాభా 54 లక్షలకు అటూ ఇటూగా ఉన్న దేశానికి అది చిన్న సొమ్ము కాదు. అయినా ఎందుకు వద్దంది?

కంపెనీల పన్ను విషయంలో తాము ఇచ్చిన మాట తప్పబోమన్న నమ్మకమే ఐర్లాండ్‌కు పెట్టుబడి. ఆ నమ్మకం ముందు 1,300 కోట్లు తక్కువేనని డబ్లిన్‌లోని ప్రభుత్వం లెక్క వేసుకుంది. కంపెనీ లాభాలపై 12.5 శాతం పన్ను అన్నది ప్రపంచమంతా ఎరిగిన ఐర్లాండ్ ముఖం. రెండో ముఖం గురించి తక్కువ మందికి తెలుసు. అదే దేశంలో ఏడాదికి 70 వేల యూరోలు దాటి సంపాదించే ఉద్యోగి, ఆ పైన వచ్చే ప్రతి వంద యూరోల్లో 52 యూరోలకు పైగా ప్రభుత్వానికి అప్పజెబుతాడు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఐర్లాండ్ పన్నుల వ్యవస్థ అర్థం కాదు.

వలసలు ఆపడానికి వేసిన ఎత్తు

1950ల్లో ఐర్లాండ్ యువత మూటాముల్లె సర్దుకుని ఓడలెక్కేది. ఆ పదేళ్లలో నాలుగు లక్షల మందికి పైగా దేశం విడిచి వెళ్లారని అంచనా. సాగు తప్ప చెప్పుకోదగ్గ పరిశ్రమ లేదు. ఆ దశలో, 1956లో, ఎగుమతుల లాభాలపై పన్ను రాయితీ ప్రకటించారు. మొదట సగానికి ఇచ్చిన రాయితీని కొద్దికాలంలోనే పూర్తి మినహాయింపుగా మార్చారు. ఆర్థికశాఖ కార్యదర్శి టి.కె.విటేకర్ 1958లో రూపొందించిన ఆర్థికాభివృద్ధి నివేదిక దేశం తలుపులను విదేశీ పెట్టుబడికి తెరిచింది. మరుసటి ఏడాదే షానన్ విమానాశ్రయం పక్కన స్వేచ్ఛా వాణిజ్య మండలి వెలిసింది.

1973లో యూరోపియన్ సమాజంలో చేరాక, ఎగుమతులకే మినహాయింపు ఇవ్వడం కుదరదని తేలింది. దాంతో 1981 నుంచి తయారీ రంగమంతటికీ 10 శాతం రేటు తెచ్చారు. కొన్ని రంగాలకే తక్కువ రేటు ఇస్తే అది నిబంధనలు ఒప్పుకోని ప్రభుత్వ సాయం కిందికి వస్తుందని బ్రసెల్స్‌లోని యూరోపియన్ కమిషన్ మళ్లీ పట్టుబట్టింది. ఐర్లాండ్ రేటు పెంచలేదు. తక్కువ రేటునే అందరికీ వర్తింపజేసింది. 1998లో 32 శాతంగా ఉన్న సాధారణ రేటును ఏటా కొంత చొప్పున తగ్గిస్తూ 2003 జనవరి నాటికి 12.5 శాతానికి దించింది. ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి, రేటు మాత్రం కదల్లేదు.

పన్ను ఒక్కదాని వల్లే కంపెనీలు వచ్చాయనుకుంటే పొరపాటు. 1967 నుంచి ప్రభుత్వం ఉన్నత పాఠశాల విద్యను ఉచితం చేసింది. ఆంగ్లం మాట్లాడే చదువుకున్న యువత, యూరప్ మార్కెట్‌లోకి సుంకాల్లేని ప్రవేశం, పెట్టుబడిదారును చేయిపట్టి నడిపించే ఐడీఏ అనే ప్రభుత్వ సంస్థ కలిసొచ్చాయి. యాపిల్ 1980లో కార్క్ నగరంలో కర్మాగారం తెరిచింది. ఇంటెల్ 1989లో డబ్లిన్ పొరుగున లీక్స్‌లిప్‌ను ఎంచుకుంది. తర్వాత గూగుల్ తన యూరప్ కేంద్రాన్ని డబ్లిన్‌లో పెట్టింది. తక్కువ పన్ను ఉన్న దేశాలు యూరప్‌లో ఇంకా ఉన్నాయి. బల్గేరియాలో 10 శాతం, హంగరీలో 9 శాతమే. ఆ దేశాలకు ఐర్లాండ్ స్థాయిలో బహుళజాతి సంస్థలు క్యూ కట్టలేదు.

రేటు ఒకటి, కట్టేది మరొకటి

12.5 శాతం వర్తించేది చురుగ్గా చేసే వ్యాపారంపై వచ్చే లాభానికే. కంపెనీ ఊరికే కూర్చుని అందుకునే అద్దెలు, వడ్డీల వంటి ఆదాయంపై 25 శాతం కట్టాలి. ఆస్తుల అమ్మకంపై వచ్చే మూలధన లాభాలకు రేటు 33 శాతం. 2021 అక్టోబరులో సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ ఆధ్వర్యంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, ఏడాదికి 75 కోట్ల యూరోలు దాటిన వ్యాపారం ఉన్న గ్రూపులకు 2024 నుంచి 15 శాతం కనీస పన్ను అమల్లోకి వచ్చింది. ఆ ఒప్పందంపై సంతకం పెట్టే ముందు ఐర్లాండ్ ఒక షరతు నెగ్గించుకుంది. ముసాయిదాలో ‘కనీసం 15 శాతం’ అని ఉన్నచోట ‘కనీసం’ తీసేసి 15 శాతం అని రాయించింది. రేపు రేటు ఇంకా పెంచే దారి లేకుండా చేయడమే ఉద్దేశం. చిన్న కంపెనీలకు పాత 12.5 శాతమే కొనసాగుతోంది.

ఈ రేట్లు కాగితం మీదివి. అసలు కథ పన్ను వేసే లాభం ఎంత అన్నదానిలో ఉంది. యాపిల్ కేసులో బయటపడిన లెక్కలే ఇందుకు సాక్ష్యం. 2011లో ఐర్లాండ్‌లో నమోదైన యాపిల్ అనుబంధ సంస్థ సుమారు 1,600 కోట్ల యూరోల లాభం చూపింది. అందులో ఐర్లాండ్‌లో పన్నుకు లోబడినది దాదాపు 5 కోట్లు మాత్రమే. మిగతాదంతా ‘ప్రధాన కార్యాలయం’ ఖాతాలో పడింది. ఆ ప్రధాన కార్యాలయానికి ఉద్యోగుల్లేరు, భవనం లేదు, ఏ దేశంలోనూ చిరునామా లేదు. ఐర్లాండ్ పన్నుల శాఖ 1991లో, 2007లో ఇచ్చిన అనుమతులే ఈ పంపకానికి ఆధారం. 2014 నాటికి ఆ సంస్థ కట్టిన పన్ను, యూరోపియన్ కమిషన్ లెక్క ప్రకారం, పది లక్షల యూరోల లాభానికి 50 యూరోలు. కమిషనర్ మార్గరెథె వెస్టాగర్ 2016 ఆగస్టులో దీన్ని అక్రమ ప్రభుత్వ సాయంగా ప్రకటించారు. 2020లో దిగువ న్యాయస్థానం ఆ ఉత్తర్వును కొట్టేసింది. 2024లో అత్యున్నత న్యాయస్థానం దాన్ని తిరిగి నిలబెట్టింది.

బెర్ముడా వంటి చోట్ల నుంచి నడిచే ఐరిష్ కంపెనీల ద్వారా లాభాలను దాటించే ‘డబుల్ ఐరిష్’ పద్ధతిని అమెరికా, యూరప్‌ల ఒత్తిడితో 2015 నుంచి కొత్తవారికి మూసేశారు. పాతవారికి 2020 చివరి వరకు గడువిచ్చారు. మూసేస్తే కంపెనీలు పారిపోతాయని భయపడ్డారు. జరిగింది వేరు. పేటెంట్లు, సాఫ్ట్‌వేర్ హక్కుల వంటి కంటికి కనిపించని ఆస్తులను పెద్ద కంపెనీలు ఐర్లాండ్‌కే తరలించాయి. 2015లో ఒక్క ఏడాదిలో ఆ దేశ జీడీపీ 26 శాతం పెరిగినట్టు తొలి లెక్కలు తేల్చాయి. కొత్త కర్మాగారాలు పుట్టలేదు, జీతాలు ఆ మేరకు పెరగలేదు, ఖాతా పుస్తకాలు చోటు మారాయంతే. నోబెల్ గ్రహీత పాల్ క్రుగ్‌మన్ దీన్ని ఐరిష్ జానపద కథల్లోని మరుగుజ్జు మాయగాడి ఆర్థికశాస్త్రమని వెక్కిరించారు. సొంత జీడీపీని తానే నమ్మలేని స్థితిలో ఐర్లాండ్ గణాంక సంస్థ 2017లో సవరించిన జాతీయాదాయం అనే వేరే కొలమానాన్ని ప్రవేశపెట్టింది.

జీతం చీటీలో కనిపించే దేశం

ఇప్పుడు రెండో ముఖం. 2025 నిబంధనల ప్రకారం డబ్లిన్‌లో ఏడాదికి 50 వేల యూరోల జీతం తీసుకునే అవివాహిత ఉద్యోగిని తీసుకుందాం. మొదటి 44 వేలపై 20 శాతం, అంటే 8,800 యూరోలు. మిగిలిన 6 వేలపై 40 శాతం, అంటే 2,400. మొత్తం 11,200. అందులోంచి వ్యక్తిగత తగ్గింపు 2,000, ఉద్యోగి తగ్గింపు 2,000 తీసేస్తే ఆదాయపు పన్ను 7,200 యూరోలు. మన దగ్గర మినహాయింపులను ఆదాయంలోంచి తీసేస్తారు. అక్కడ నేరుగా పన్నులోంచే తగ్గిస్తారు. కాబట్టి తక్కువ జీతగాడికీ ఎక్కువ జీతగాడికీ దక్కే ఊరట ఒకే మొత్తం.

అంతటితో అయిపోలేదు. సార్వత్రిక సామాజిక చార్జీ, వాళ్ల వాడుకలో యూఎస్‌సీ, మరో 1,046 యూరోలు. సామాజిక బీమా చందా, అంటే పీఆర్‌ఎస్‌ఐ, ఇంకో 2,060 పైచిలుకు. అన్నీ పోగా చేతికొచ్చేది 39,700 యూరోలకు కాస్త తక్కువ. జీతంలో దాదాపు 21 శాతం కోత. యూరప్ ప్రమాణాల్లో ఇది ఎక్కువేమీ కాదు. 30 వేల జీతగాడికైతే కోత 12 శాతమే. లక్ష యూరోల జీతగాడికి మాత్రం 35 శాతం దాటుతుంది. చిన్న జీతగాళ్లను దయగా చూసి, పై మెట్టు మీదివారిపై గట్టిగా వడ్డించడంలో సంపన్న దేశాల్లో ఐర్లాండ్ ముందు వరుసలో ఉంటుంది.

చిక్కల్లా మెట్టు ఎక్కడ మొదలవుతుందన్నదే. 44 వేలు దాటగానే 40 శాతం శ్లాబు వచ్చేస్తుంది. ఒక మోస్తరు అనుభవం ఉన్న నర్సు, ఉపాధ్యాయుడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అంతా అక్కడికి చేరేవారే. 70,044 యూరోలు దాటితే యూఎస్‌సీ 8 శాతానికి ఎగబాకుతుంది. ఆదాయపు పన్ను 40, యూఎస్‌సీ 8, 2025 చివర్లో ఉన్న బీమా చందా 4.2 కలిపితే 52.2 శాతం. స్వయం ఉపాధిపై ఉన్నవారి ఆదాయం లక్ష దాటితే యూఎస్‌సీ మరో 3 శాతం ఎక్కువ. సొంతంగా దుకాణం నడిపే డబ్లిన్ పౌరుడికి పై ఆదాయంలో సగానికి పైగా పన్ను. వీధి చివరి గాజు భవనంలోని బహుళజాతి సంస్థకు 15 శాతం. ఆ దుకాణదారు కంపెనీ పెట్టుకున్నా, లాభాన్ని డివిడెండుగా ఇంటికి తీసుకెళ్లినప్పుడు వ్యక్తిగత రేట్ల కిందే పన్ను కట్టాలి.

పొదుపు చేసినా కోత తప్పదు. బ్యాంకు వడ్డీపై 33 శాతం. షేర్లు, ఆస్తుల అమ్మకంపై లాభానికి 33 శాతం, ఏడాదికి 1,270 యూరోల లాభానికే మినహాయింపు. మ్యూచువల్ ఫండ్ల వంటి వాటి యూనిట్లు అమ్మకపోయినా, ఎనిమిదేళ్లకోసారి అమ్మినట్టే లెక్కగట్టి పన్ను వేస్తారు. 41 శాతం ఉన్న ఆ పన్నును 2026 బడ్జెట్లో 38కి తగ్గించారు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన వారసత్వంపై 4 లక్షల యూరోలు దాటితే 33 శాతం. వస్తువులపై విలువ ఆధారిత పన్ను సాధారణ రేటు 23 శాతం. నిత్యం తినే ఆహారంలో చాలావాటికి, పుస్తకాలకు, పిల్లల దుస్తులకు, చెప్పులకు మాత్రం సున్నా. పిల్లల చెప్పుల జోలికి వెళితే ఏమవుతుందో ఆ దేశ నాయకులకు బాగా తెలుసు. 1982 జనవరిలో పిల్లల దుస్తులు, పాదరక్షలపై పన్ను వేయబోయిన గ్యారెట్ ఫిట్జెరాల్డ్ ప్రభుత్వం బడ్జెట్ ఓటింగులో ఓడి కూలిపోయింది.

అంతకు ముందే, 1979, 1980 సంవత్సరాల్లో లక్షలాది మంది ఉద్యోగులు, కార్మికులు డబ్లిన్ వీధుల్లోకి వచ్చారు. ఆదాయపు పన్నులో సింహభాగం జీతంలోంచే ముందుగా కోసేస్తున్నారని, రైతులు, స్వయం ఉపాధిపరులు నామమాత్రంగా కడుతున్నారని వారి ఆగ్రహం. అప్పటి గరిష్ఠ రేటు 60 శాతం. రేట్లు తర్వాత తగ్గాయి. దాచుకునే వీలులేని జీతమే ప్రభుత్వానికి ముందుగా దొరుకుతుందన్న సత్యం మాత్రం మారలేదు.

సంక్షోభంలో ఎవరు కట్టారు?

2008 ఆ సత్యాన్ని మరోసారి రుజువు చేసింది. అంతకు ముందు పదేళ్లు ఐర్లాండ్ ఖజానా ఇళ్ల వ్యాపారం మీద నిలబడింది. స్టాంపు డ్యూటీ, మూలధన లాభాల పన్ను, నిర్మాణంపై వ్యాట్ పొంగిపొర్లాయి. ఆ రాబడిని చూసుకుని ఆదాయపు పన్ను తగ్గించారు, ఖర్చులు పెంచారు. ఇళ్ల ధరలు కుప్పకూలగానే, 2007లో 4,700 కోట్ల యూరోలు దాటిన పన్ను రాబడి రెండేళ్లలో 3,300 కోట్లకు పడిపోయింది. 2008 సెప్టెంబరులో ఒక్క రాత్రిలో ప్రధాన బ్యాంకుల దాదాపు అన్ని అప్పులకూ ప్రభుత్వం హామీ పడింది. 2010 నవంబరుకల్లా ఐఎంఎఫ్, యూరప్‌ల ముందు చేయి చాచి 8,500 కోట్ల యూరోల సహాయ రుణ పథకానికి తలొగ్గింది.

బిల్లు ఎవరికి పంపారు? 2009లో జీతాలపై ఆదాయ లెవీ వేశారు. 2011లో దాన్నీ ఆరోగ్య లెవీనీ కలిపి యూఎస్‌సీగా మార్చారు. కనీస వేతనంలో గంటకు ఒక యూరో కోసి, తర్వాత వెనక్కి తగ్గారు. 2012లో వ్యాట్ 21 నుంచి 23 శాతానికి చేరింది. 2013లో ఇళ్లపై స్థానిక ఆస్తి పన్ను వచ్చింది. ఈ కోతల మధ్యే, 2011లో, అప్పుల వడ్డీ తగ్గించాలంటే కంపెనీ పన్ను పెంచాలని ఫ్రాన్స్ అధ్యక్షుడు సర్కోజీ పట్టుబట్టారు. ప్రధాని ఎండా కెనీ ససేమిరా అన్నారు. 12.5 శాతం ఒక్క పైసా పెరగలేదు. దేశం దివాలా అంచున ఉన్నప్పుడు సైతం కంపెనీల రేటు పవిత్రం, ఉద్యోగి జీతం సర్దుబాటుకు సిద్ధం. సంక్షోభం పేరుతో వచ్చిన యూఎస్‌సీని ఎత్తేస్తామని 2016 ఎన్నికల్లో పాలక పార్టీ ఫైన్ గేల్ హామీ ఇచ్చింది. రేట్లు తగ్గాయి తప్ప చార్జీ పోలేదు.

నడమంత్రపు సిరి

ఇప్పుడు ఖజానా మళ్లీ పొంగుతోంది. 2014లో 460 కోట్ల యూరోలున్న కార్పొరేట్ పన్ను రాబడి 2023లో 2,380 కోట్లకు చేరింది. 2024లో యాపిల్ బకాయిలో వచ్చిన సుమారు 1,100 కోట్లతో కలిపి 3,910 కోట్లు దాటింది. యాపిల్ సొమ్ము తీసేసినా అది వ్యాట్ రాబడి కన్నా ఎక్కువ. ఏళ్ల తరబడి లోటుతో నెట్టుకొచ్చే యూరప్‌లో మిగులు బడ్జెట్ చూపే అరుదైన దేశంగా ఐర్లాండ్ నిలిచింది. రేటు తక్కువైతే రాబడి పెరుగుతుందని వాదించేవారికి ఇది చేతికందిన ఆయుధం.

ఈ వాదనలో సగమే నిజం. కార్పొరేట్ పన్నులో సగానికి పైగా కట్టేది పది కంపెనీలు. విదేశీ బహుళజాతి సంస్థల వాటా 80 శాతం పైమాటే. టెక్నాలజీ, ఔషధ రంగాల్లోని కొన్ని అమెరికన్ సంస్థల బోర్డు గదుల్లో జరిగే ఒక నిర్ణయం ఒక దేశపు బడ్జెట్‌ను తలకిందులు చేయగలదు. ఐడీఏ మద్దతు ఉన్న విదేశీ కంపెనీల్లో పనిచేసే సుమారు మూడు లక్షల మంది జీతాలు దేశ సగటు కన్నా ఎక్కువ. ఆదాయపు పన్నులోనూ వారి వాటా పెద్దదే. అంటే ఆ కంపెనీలు కదిలితే కార్పొరేట్ పన్నుతో పాటు ఆదాయపు పన్నూ కదులుతుంది. 2007లో ఇళ్లు ఉన్న స్థానంలో ఇప్పుడు పేటెంట్లు ఉన్నాయి.

కదిలించే గాలులు మొదలయ్యాయి. అమెరికా 2017లోనే తన కార్పొరేట్ పన్నును 35 నుంచి 21 శాతానికి తగ్గించింది. ఔషధ తయారీని స్వదేశానికి రప్పించాలని ట్రంప్ ప్రభుత్వం పట్టుబడుతోంది. 2025లో యూరప్‌తో కుదిరిన ఒప్పందంలో ఔషధాలపై సుంకం 15 శాతం మించకుండా చూసుకోగలిగారు. ఒకప్పుడు సుంకం లేని సరుకు అది.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న ఎరుక డబ్లిన్‌కు కొంత వచ్చింది. ఏటా జీడీపీలో 0.8 శాతం జమచేసే భవిష్యత్ అవసరాల నిధినీ, మౌలిక వసతులు, వాతావరణం, ప్రకృతి కోసం 1,400 కోట్ల వరకు పోగుచేసే మరో నిధినీ 2024లో చట్టబద్ధం చేశారు. అదే చేత్తో, ప్రభుత్వ వ్యయం ఏటా 5 శాతానికి మించి పెరగకూడదని తామే పెట్టుకున్న గీతను పదేపదే దాటారు. ఈ అనుకోని రాబడిని పక్కన పెడితే బడ్జెట్ లోటులోనే ఉందని స్వతంత్ర ఆర్థిక సలహా మండలి హెచ్చరిస్తూనే ఉంది. ఖజానా నిండుగా ఉన్నా అద్దె ఇల్లు దొరక్క డబ్లిన్ యువత అల్లాడుతోంది. డబ్బు ఉండటం వేరు, దాన్ని ఇళ్లుగా, రైళ్లుగా మార్చే చేవ ఉండటం వేరు.

మనకు సంబంధం ఉందా?

ఐర్లాండ్ ఏటా ఇచ్చే కొత్త వర్క్ పర్మిట్లలో భారతీయులదే మొదటి స్థానం. అక్కడి సాఫ్ట్‌వేర్ సంస్థల్లో, ఆసుపత్రుల్లో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. వెళ్లేవారు ప్యాకేజీ అంకెను చూసి మురిసిపోకుండా 44 వేల గీతను, 70 వేల గీతను, డబ్లిన్ అద్దెలను లెక్కలోకి తీసుకోవాలి. ఒక వెసులుబాటూ ఉంది. అక్కడ నివాసం ఉంటున్నా శాశ్వత స్వస్థలం భారతదేశమే అయినవారికి, ఇక్కడి ఇంటి అద్దె వంటి ఆదాయంపై ఐర్లాండ్ పన్ను ఆ సొమ్మును అక్కడికి తెచ్చుకుంటేనే పడుతుంది. రెండు దేశాల మధ్య 2000లో కుదిరిన ఒప్పందం ఒకే ఆదాయంపై రెండుసార్లు పన్ను పడకుండా కాపాడుతుంది.

మన రాష్ట్రాల చేతిలో కార్పొరేట్ పన్ను లేదు. అందుకే అవి భూములతో, విద్యుత్ రాయితీలతో, జీఎస్టీ వాపసులతో పోటీ పడుతున్నాయి. విశాఖలో టీసీఎస్‌కు 2025లో 99 పైసల నామమాత్రపు ధరకు 21 ఎకరాలు కేటాయించారు. ఉద్యోగాలు వస్తే ఆ బేరం లాభసాటి కావచ్చు, ఐర్లాండ్‌కు అయినట్టే. ఐర్లాండ్ నుంచి నేర్చుకోవాల్సింది తక్కువ రేటు కాదు. రేటుకు ముందే బడికి డబ్బు పెట్టడం, ఇచ్చిన మాటను ప్రభుత్వాలు మారినా నిలబెట్టడం, అనుకోకుండా వచ్చిన రాబడిని జీతాలకూ పథకాలకూ మళ్లించకుండా కట్టడి చేసుకోవడం. మొదటి రెండూ ఆ దేశం బాగా చేసింది. మూడోది 2008కి ముందు చేయలేదు, మూల్యం వేతనజీవి చెల్లించాడు. రాయితీ జీవో మీద సంతకం పెట్టే ప్రతి ప్రభుత్వమూ, కంపెనీ మాట తప్పితే ఆ లోటు ఎవరి జేబులోంచి పూడుస్తారో అదే జీవోలో ప్రజలకు చెప్పాలి.